పీతత్త విడిచిన పెంకు

పొద్దున గట్టు మీద ఏం చూశావో ముందు చెప్పు. పీత పెంకా? దాని లోపల పీత ఉందా, లేదా? సరిగ్గా చూడకుండానే చచ్చిపోయిందని ఏడుస్తారటే? ఇలా దగ్గరికి జరుగు.

అనగనగా ఒక ఊళ్ళో, వరిమడి పక్కన ఒక నీటిగుంట. గుంటలో పోలి అనే కొర్రమీను పిల్ల, గట్టు బొరియలో పీతత్త ఉండేవారు. పోలికి మహా పొగరు. నాకు తల నుంచి తోకదాకా వెన్నెముక ఉంది, కప్పకుంది, పాముకుంది, నీకేదీ అని రోజూ ఎగతాళి చేసేది. అలాంటి నోటికి వాత పెట్టాలి! పీతత్త మాత్రం నవ్వేసి, నత్తకీ వానపాముకీ సీతాకోకచిలుకకీ కూడా లేదులేవే, అవి బతకట్లేదా అనేది.

అప్పుడు ఎండలు ముదిరాయి. గుంట ఎండిపోసాగింది. గట్టుకి అవతల కాలువ నిండుగా పారుతోంది. గట్టు తొలిచి దారి చేయగలిగేది పీతత్త ఒక్కతే. పోలి సిగ్గు చంపుకుని బతిమాలుకోడానికి వెళ్ళింది. బొరియ ముందు పీతత్త కదలదు, మెదలదు. తోకతో తాకితే దొర్లిపోయింది. లోపలంతా ఖాళీ. పోలి గొల్లుమంది.

"ఎవరి కోసమే ఆ ఏడుపు?" అని బొరియలోంచి గొంతు.

తొంగి చూస్తే పీతత్తే. మునుపటికంటే పెద్దగా, వెన్నముద్దలా మెత్తగా ఉంది.

"నీ ఎముకలు లోపలే ఉండి నీతోపాటే పెరుగుతాయి. నా పెంకు పెరగదు పిల్లా. ఇరుకైతే విడిచెయ్యాలి. కొత్తది గట్టిపడేదాకా మూడు రోజులు నన్ను కాపాడు, నీకు దారి తొలుస్తాను."

ఆ తర్వాత కొంగ వచ్చింది. మెత్తని పీతంటే దానికి లొట్టలే. మొదటిరోజు పోలి దాని కళ్ళలోకి బురద చిమ్మింది. రెండోరోజు కప్పల్ని పోగేసి చెవులు చిల్లులుపడేలా అరిపించింది. మూడోరోజు గుంటలో నీళ్ళు వీపు కూడా తడపట్లేదు. అయినా బొరియకి అడ్డంగా పడుకుంది. కొంగ ముక్కెత్తింది. అప్పుడు పీతత్త గట్టిపడ్డ పట్టుకారులాంటి డెక్కతో దాని కాలు పట్టేసింది! కొంగ కుంటుకుంటూ ఎగిరి పక్క ఊళ్ళో వాలింది.

ఆ తర్వాత పీతత్త గట్టు తొలిచింది. నీళ్ళు బుడబుడమని వచ్చాయి. పోలి మూడు పల్టీలు కొట్టింది.

పోలి కాలువకి, పెంకు గట్టుకి, కథ కంచికి, మనం పక్కకి.

వీపు తడుముకో, ఎముక పూసలు తగులుతున్నాయా? మరి చెప్పు, పొద్దున నువ్వు చూసిన పెంకు తాలూకు పీత ఇప్పుడు ఎక్కడ దాక్కునుంటుంది?