మొదటి కుంచం పేరు నాంచారి

అనగా అనగా ఒక ఊరు. ఎప్పుడని అడక్కండి, నాకు తెలీదు. మా అమ్మమ్మకీ తెలీదు, ఆవిడకి చెప్పిన వాళ్ళ అమ్మమ్మకీ తెలీదు. ఏ ఊరని కూడా అడక్కండి. చెబితే ఆ ఊరివాళ్ళు రేప్పొద్దున నా మీదకి తగువుకొస్తారు. కాలవ పక్కన ఊరు, చుట్టూ వరిచేలు. అంతవరకు చాలు. మధ్యలో ఊ కొట్టండి, అడ్డం మాత్రం రాకండి.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒకావిడ ఉండేది. ఇంటింటికీ వెళ్ళి వడ్లు దంచేది. దంచినందుకు కూలీ కింద బియ్యమే ఇచ్చేవాళ్ళు. ఆవిడ మొగుడు గరటయ్య. మంచివాడే, కాదనను. కానీ చేతిలో డబ్బు నిలవదు, నోట్లో మాట నిలవదు, ఎవరైనా పొగిడితే కాలు నేల మీద నిలవదు. అలాంటివాడితో కాపురం ఎలా ఉంటుందో నన్నడక్కండి, మీ ఇళ్ళల్లోనే చూసుకోండి.

ఒక ఏడు పోలేరమ్మ కొలుపుల్లో ప్రభ మోసే వంతు గరటయ్యకి వచ్చింది. వంతు వచ్చినవాడు పదిమందికి అన్నం పెట్టాలి. అది ఆ ఊరి ఆచారం. పదిమంది అంటే పదిమందే, లెక్కపెట్టి పది విస్తళ్ళు. ఆ సమయానికి నాంచారి పుట్టింటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు ఎంగిలి విస్తళ్ళు గుట్టలుగా పడున్నాయి.

"ఏవయ్యా, పదిమందికి పెట్టమంటే ఇన్ని విస్తళ్ళేంటి?"

"ఊరంతా వచ్చారే. వచ్చినవాళ్ళని పొమ్మంటామా?"

"ఎందుకొచ్చారు?"

"నేను పిలిచాను."

నాంచారి గుమ్మంలోనే కూలబడింది. "బియ్యం ఎక్కడివి?" అంది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పేరయ్య షావుకారు దగ్గర ఇరవై కుంచాల బియ్యం నాగుకి తెచ్చాడు. నాగు అంటే తెలుసుగా, ఇరవై తెస్తే ముప్పై తిరిగివ్వాలి. ఏడాదికి పది కుంచాల చొప్పున మూడేళ్ళు. ఏ ఏడు ఒక్క కుంచం తగ్గినా, కాలవ గట్టున ఉన్న అరెకరం షావుకారుది. తాటాకు మీద రాయించుకుని గరటయ్య చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

ఆ అరెకరం ఎవరిదనుకున్నారు? నాంచారిది. పెళ్ళిలో వాళ్ళమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చింది. వాళ్ళకున్నదల్లా అదే. అది పోతే ఇద్దరూ ఊరొదిలి వలస పోవాల్సిందే. ఇంకొకళ్ళయితే మొగుణ్ణి నాలుగు దులిపి ఏడుస్తూ కూర్చునేవాళ్ళు. నాంచారి కూడా దులిపింది, ఏడ్చింది. తర్వాత లేచి వెళ్ళి ఒక బాన కడిగి ఎండలో పెట్టింది.

ఆ రోజునుంచి మొదలైంది చూడండి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు వెనక్కి తీసి బానలో వేసేది. పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. కూలికొచ్చిన బియ్యంలో నూకలు చెరిగి తను, మొగుడు జావ కాచుకునేవాళ్ళు, నిండు గింజలు బానలోకి. పురుగు పట్టకుండా ఎండు వేపాకు వేసేది. పొద్దుగూకకముందే ముద్ద తినేసి దీపం వెలిగించకుండా పడుకునేవాళ్ళు. అక్కడితో ఆగిందా? పిండిన చింతపండుని మర్నాడు మళ్ళీ నానేసేది. ఆ పులుసు నోట్లో పెట్టుకుని గరటయ్య పెట్టే ముఖం చూడాలి మీరు.

ఇక ఆవిడ మాట ఒకటుండేది. దాంతో ఊరందరి ప్రాణం విసిగిపోయింది. గాజులమ్మేవాడు వచ్చి మట్టిగాజులు చూపిస్తే, "అది లేకపోతే రేపు తెల్లారదా?" అనేది. గరటయ్య చుట్టకి డబ్బులడిగితే, "అది లేకపోతే రేపు తెల్లారదా?" అనేది. సంతకి తోడు రమ్మన్న అమ్మలక్కలు తాంబూలానికి తమలపాకులు కొనుక్కుంటుంటే, వాళ్ళనీ వదిలేది కాదు, "అది లేకపోతే రేపు తెల్లారదా?" అనేది. దాంతో వాళ్ళు ఆవిణ్ణి సంతకి పిలవడం మానేశారు. నాకే ఒక్కోసారి ఆవిడ మీద ఒళ్ళు మండుతుంది, పక్కింటివాళ్ళని ఏమనగలం?

సరే, మొదటి ఏడు గడిచింది. కోతలయ్యాయి. నాంచారి కుంచం అడిగి తెచ్చుకుని తన చేత్తో కొలిచింది. సరిగ్గా పది. గరటయ్య కావిడి కట్టుకుని షావుకారు వాకిట్లోకి మోసుకెళ్ళాడు. ఆ వాకిట్లో కొలత అంటే పెద్ద తంతు. షావుకారు తన చేత్తోనే కొలుస్తాడు. కొలుస్తున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. మాట్లాడితే లచ్చిందేవి అలిగి వెళ్ళిపోతుందంట. ఆడవాళ్ళయితే ప్రహరీ లోపలికే రాకూడదు. నాంచారి ఇంటి దగ్గరే ఉంది.

గరటయ్య తల వేలాడేసుకుని తిరిగొచ్చాడు. "తొమ్మిదే అయ్యాయన్నాడే. ఒకటి తగ్గింది."

"నేను పది కొలిచానయ్యా."

"నేను అక్కడే నుంచున్నానే. నా చెవులతో విన్నా. తొమ్మిదన్నాడు."

పొద్దుగూకేలోపు ఇంకో కుంచం పడకపోతే పొలం పోతుంది. నాంచారి పెళ్ళినాటి ఇత్తడి చెంబు తీసుకెళ్ళి ఓ ఇంట్లో ఇచ్చి కుంచెడు బియ్యం తెచ్చి కట్టించింది. మొగుడే దారిలో ఎవరికో దానం చేసి ఉంటాడని ఆ ఏడంతా సాధించింది. అతను ఒట్లేసినా నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

రెండో ఏడు ఇంకా బిగించింది. పది కుంచాలు రెండుసార్లు కొలిచి, సంచుల మూతులు తనే దబ్బనంతో కుట్టేసింది. గరటయ్య మోసుకెళ్ళాడు. మళ్ళీ తల వేలాడేసుకుని వచ్చాడు.

"తొమ్మిదేనన్నాడే."

"కుట్లు ఎవరు విప్పారు?"

"షావుకారే విప్పాడు. నా కళ్ళ ముందే. నేను కదల్లేదు, మెదల్లేదు."

ఈసారి కాళ్ళ కడియాలు తీసి అమ్మింది. వెండి కడియాలు, వాళ్ళమ్మవి. వాటిని విప్పుతుంటే గరటయ్య చూడలేక చేలోకి వెళ్ళిపోయాడు. కుంచెడు బియ్యం వచ్చాయి, ఆ ఏటికి పొలం నిలబడింది. ఇక ఇంట్లో అమ్మడానికి ఏమీ మిగల్లేదు. మూడో ఏడు ఒక్క కుంచం తగ్గిందంటే అంతే సంగతులు.

మూడో ఏడు ఆవిడ సంచులే వాడలేదు. పాత చీరలు చింపి పది గుడ్డలు చేసింది. ఒక్కో గుడ్డలో ఒక్కో కుంచం పోసి మూటకట్టింది. పది మూటలు. గరటయ్య కావిడి ఎత్తుకోగానే తనూ వెనకాలే బయల్దేరింది.

"నువ్వెక్కడికే? ఆడవాళ్ళు రాకూడదు."

"నువ్వు నడువు," అంది.

వాకిట్లో ఊరి మగాళ్ళంతా ఉన్నారు, అందరూ అప్పులున్నవాళ్ళే. షావుకారు ఆవిణ్ణి చూసి ముఖం చిట్లించాడు. "ఏమే నాంచారీ, కొలిచేచోటికి ఆడవాళ్ళు రాకూడదని తెలీదా?"

"కొలవడం ఇంకా మొదలెట్టలేదుగా బాబూ," అని మూటల పక్కనే చతికిలబడింది. లేపి పంపిస్తే గొడవవుతుందని ఆయన ఊరుకున్నాడు. మొదటి మూట విప్పి కుంచంలో పోశాడు. "లా...భం" అని రాగం తీసి, పక్కనున్న గంపలోకి వంపాడు. రెండో మూట పోశాడు. "ఒకటి" అన్నాడు.

"ఆగండి," అంది నాంచారి.

కొలత మధ్యలో మాట్లాడింది, అదీ ఆడమనిషి. ఒకాయనైతే లచ్చిందేవి వెళ్ళిపోతుందేమోనని వెనక్కి తిరిగి వీధి గుమ్మం వంక చూశాడు. ఎంత భయమో చూడండి, తమ గింజలు పోతుంటే లేని భయం.

"రెండో మూట పోసి ఒకటంటారేంటి బాబూ?"

"మొదటిది లాభం. అది లెక్కలోకి రాదు."

"మా పుట్టింటి ఊళ్ళోనూ లాభమే అంటారు. లాభం తర్వాత రెండంటారు. ఒకటి అనడానికి మనసొప్పక దానికో ముద్దుపేరు పెట్టారంతే. ముద్దుపేరు పెడితే కుంచం మాయమైపోతుందా?"

"మా తాతల నాటినుంచి ఇక్కడ ఇంతే. లాభం లచ్చిందేవిది."

"లచ్చిందేవిదైతే గుళ్ళో ఇవ్వండి. మీ గంపలోకెందుకు పోస్తున్నారు?"

షావుకారు గంపని కాస్త వెనక్కి జరుపుకున్నాడు. నాంచారి మొగుడి వైపు తిరిగింది. "రెండేళ్ళూ ఇదే విన్నావు కదయ్యా?"

"విన్నానే. అది లాభం కదా అనుకున్నా."

"ఎవరికి లాభం?"

ఒక్క గరటయ్యనే అని ఏం లాభం చెప్పండి. అక్కడున్న మగాళ్ళంతా పుట్టినప్పట్నుంచీ వింటున్నారు. వాళ్ళ నాన్నలు విన్నారు, తాతలు విన్నారు. కళ్ళంలోంచి రాశి మోసుకొచ్చి పోసేవాళ్ళు, ఎన్నుండాలో ఎవడికీ తెలీదు. పిడికెడు పిడికెడు చొప్పున దాచినావిడకి తెలుసు, అది పదో తొమ్మిదో. ఇప్పుడు అందరూ వేళ్ళు ముడిచి, ఏడాదికొకటి చొప్పున తాము ఎన్ని కుంచాలు పోగొట్టుకున్నారో లెక్కేసుకోవడం మొదలెట్టారు. చేతివేళ్ళు చాల్లేదు కొందరికి.

షావుకారు అది చూశాడు. గొంతు తగ్గించాడు. అయినా పొగరు తగ్గలేదు. "కొలత మొదట్లో ఒకటి అంటే అరిష్టం. ఆ మాట నా నోటితో అనను. లాభం అంటే నువ్వు ఒప్పుకోవు. మరేమనమంటావు, నీ పేరు పెట్టి పిలవనా?"

వెటకారానికి అన్నాడు. వెనకనుంచి ఎవరో, "ఒద్దు నాంచారీ, పేరు ఇంకొకరి గాదెలోకి పోతే మనిషికి మంచిది కాదు," అన్నారు.

"కడియాలు పోయాయి, చెంబు పోయింది. పేరొక్కటే ఉంది, పోనీండి," అంది నాంచారి. "పిలవండి బాబూ. నా పేరు పెట్టి పిలిస్తే, ఆ కుంచం ఎవరిదో అందరికీ తెలుస్తుంది."

పోసినవి వెనక్కి తీసి మళ్ళీ మొదలెట్టారు. షావుకారు మొదటి కుంచం పోసి, పళ్ళు బిగించి, "నాంచారి," అన్నాడు. తర్వాత రెండు. తర్వాత మూడు. పదో మూట విప్పేసరికి పది అయింది. తాటాకు చింపారు. నాంచారి లేవలేదు.

"ఇంకేంటి?" అన్నాడు షావుకారు.

"పోయినేడాది ఒకటి, అంతకుముందేడు ఒకటి, ఎక్కువ కట్టాను. అవి కొలిచివ్వండి."

అంతమంది చూస్తుంటే ఏం చేస్తాడు. తన బియ్యం తనే కొలిచాడు. "నాంచారి, రెండు." ఆ రెండు కుంచాలూ చీరగుడ్డల్లో మూటకట్టుకుని ఆవిడ ఇంటికొచ్చింది. దారిలో గరటయ్య, "ఇవాళ కాస్త పరమాన్నం వండుకుందామే," అన్నాడు. "అది లేకపోతే రేపు తెల్లారదా?" అంది. ఒక కుంచమిచ్చి చెంబు విడిపించుకుంది. కడియాలు మాత్రం తిరిగి రాలేదు, కొన్నవాళ్ళు అప్పటికే కరిగించేశారు. నాకు ఇప్పటికీ అదే బాధ.

మర్నాటినుంచి ఊళ్ళో ప్రతివాడూ, "మాకూ నాంచారి అనే కొలవాలి," అని పట్టుబట్టాడు. లాభం పొందారు సరే, ఒక్కడైనా ఆవిడ గుమ్మంలోకొచ్చి మంచి మాట అన్నాడా? లేదు. చింతపండు మళ్ళీ నానేస్తుందని నవ్వుకోవడం మాత్రం మానలేదు.

చాలా ఏళ్ళకి నాంచారి పోయింది. పోయేముందు మొగుణ్ణి పిలిచి, "నా దినానికి అప్పు చెయ్యకు," అంది. గరటయ్య ఆ ఒక్కసారికి మాట విన్నాడు. ఇంట్లో ఉన్నదే వండాడు, సరిపడినంతమందినే పిలిచాడు. వచ్చినవాళ్ళు మర్యాద తక్కువైందని మూతి ముడుచుకుని తిని వెళ్ళారు.

ఆ ఏడు కోతలయ్యాయి. షావుకారు పేరయ్య కూడా అప్పటికి మంచం పట్టాడు, కొలిచేది కొడుకు. వాకిట్లో అందరూ నిలబడ్డారు. కొడుకు మొదటి కుంచం పోశాడు. మనిషి పోయింది కదా, ఇక అడిగేదెవరనుకున్నాడు. "లా...భం," అని రాగం తీశాడు.

మళ్ళీ పాత భయమే. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, నేల చూసుకున్నారు. అలాంటివాళ్ళని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

అప్పుడు వెనకనుంచి గరటయ్య వచ్చాడు. ముసలివాడైపోయాడు. ఆ రోజు అతనికి కట్టాల్సిన అప్పూ లేదు, కొలిపించుకోవాల్సిన గింజా లేదు. కుంచం మీద చెయ్యి వేసి ఆపాడు.

"దానికో పేరుంది బాబూ," అన్నాడు.

షావుకారు కొడుకు చెయ్యి లాక్కోబోయాడు. గరటయ్య వదల్లేదు. చివరికి ఆ కొడుకు తల దించుకుని, వినపడీ వినపడకుండా, "నాంచారి," అన్నాడు.

"నాకు చెవులు సరిగా వినపడవు," అన్నాడు గరటయ్య. "గట్టిగా అను."

ఇప్పటికీ ఆ ఊళ్ళో కొలత అలాగే మొదలవుతుంది. నాంచారి, రెండు, మూడు. ఆడవాళ్ళు వాకిట్లోనే కూర్చుంటారు, అందరూ కలిసి పైకే లెక్కపెడతారు. కొత్తవాళ్ళు ఆ గోలంతా చూసి ఏదో తగువనుకుంటారు. కొలిచేవాడు ఎంత పెద్దవాడైనా సరే, మొదటి కుంచం దగ్గర గొణిగాడంటే రెండో కుంచం ముంచనివ్వరు. "గట్టిగా అను, వినపళ్ళేదు," అంటారు.