ఎండుచేపల ఫిర్యాదు

శేషాచల స్వామివారు ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పరు. ముందు నవ్వుతారు, తరువాత ఎక్కడిదో ఒక ఊరి సంగతి ఎత్తుకుంటారు. ఆ రోజు ఆయన శిష్యురాలు హైమ, పెళ్లి నిశ్చయమైన పిల్ల, దిగులుగా అడిగింది: "స్వామీ, అత్తవారిల్లు మనకంటే మరీ పెద్దదైతే, మన ఇష్టాలన్నీ పుట్టింట్లోనే వదిలేసి వెళ్లాలా?"

స్వామి నవ్వి, ఇలా చెప్పారు.

సముద్రం ఒడ్డున నీలవరం అనే సంస్థానం ఉండేది. రాజ్యం పోయింది, కోట మిగిలింది. పెద్దరాజావారు నరేంద్రదేవు మాత్రం ప్రతి శుక్రవారం జరీ అంగరఖా తొడుక్కుని దర్బారు హాల్లో కూర్చునేవారు. ఫిర్యాదీ నోరు విప్పేదాకా రాజు మాట్లాడకూడదని అక్కడి కట్టుబాటు. ఫిర్యాదు చేసేవాళ్లేరీ? అందరూ కలెక్టరు ఆఫీసుకి పోతున్నారాయె. పన్నెండేళ్లుగా ఆ హాల్లో పావురాలే మాట్లాడుతున్నాయి.

ఆ ఇంటికి మసేనమ్మ కోడలై వచ్చింది. వలలు అల్లుకునే వాళ్ల పిల్ల. చినరాజావారు పడవ షికారుకు వెళ్లి, ఒడ్డున ఆమె నవ్వు చూసి, ఇంకెవరినీ చేసుకోనని పట్టుబట్టారట. వెన్నెల లాంటి ప్రేమ. కానీ వెన్నెలతో అన్నం కలుపుకోలేరు కదా! కోటలోని నేతి వంటలు ఆమెకు సహించలేదు. ఎండుచేపలు వేపుకుంటానంటే రాణీగారు ముక్కు మూసుకుని, "ఆ వాసన ఈ గోడలకు పట్టకూడదు" అన్నారు. రెండు నెలల్లో పిల్ల సగమైపోయింది. చివరికి పుట్టింటికి పోతానని మూట కట్టింది. చినరాజావారు ఎంత బతిమాలినా వినలేదు.

మూటతో దర్బారు హాలు దాటబోతూ మసేనమ్మ ఆగింది. ఆ రోజు శుక్రవారం. పెద్దాయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఏమనుకుందో, లోపలికి వెళ్లి మూట దింపి దణ్ణం పెట్టింది.

"మహాపెబో, ఫిర్యాదండి."

రాజావారు ఉలిక్కిపడ్డారు. గొంతు సవరించుకోవడానికే కొంతసేపు పట్టింది. "ఎవరి మీద?"

"రాణీగారి మీదండి. ఎండుచేపలు ఏపుకోనివ్వట్లేదండి. తిండి సయించక సచ్చిపోతన్నానండి."

కబురంది రాణీగారు పరుగున వచ్చారు. "ఇంటి గుట్టు దర్బారుకెక్కిస్తావుటే!"

"నిశ్శబ్దం!" అన్నారు రాజావారు. ఆ మాట అనడానికి ఆయన ఎన్నాళ్లు ఎదురుచూశారో! తగాదాలో ఉన్న వస్తువును రాజు స్వయంగా పరీక్షించనిదే తీర్పు చెప్పకూడదని ఇంకో కట్టుబాటు ఉంది. "సాక్ష్యం హాజరుపరచండి."

హాలు వాకిట్లోనే పొయ్యి వెలిగింది. పుట్టింటివాళ్లు పంపగా దాచుకున్న ఎండుచేపలు, సన్నటి నెత్తళ్లను మసేనమ్మ మూటలోంచి తీసి, ఎర్రగా వేపి, పళ్లెంలో పెట్టింది. రాజావారు ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"ఒక్కదానితో తేలే వ్యవహారం కాదిది. అన్నం తెప్పించండి. రాణీగారూ, మీరూ రుచి చూడాలి. చూడకపోతే మీ వాదన చెల్లదు."

రాణీగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఒక ముద్ద తిన్నారు. కొంగు మెల్లగా జారింది. కోడలి వైపు చూడకుండానే అన్నారు: "కారం చాల్లేదు."

హైమ ఫక్కున నవ్వింది. "తీర్పు ఎవరి పక్షాన వచ్చింది స్వామీ?"

"ఇంకా రాలేదమ్మా. ప్రతి శుక్రవారం వాయిదా పడుతోంది" అన్నారు స్వామి.