గాసిప్ పుట్టిల్లు

ఏ ఇంగ్లీషు మాటకైనా అర్థం అడిగితే తాతాచార్యులు మాస్టారు వెంటనే చెప్పేవారు కాదు. మెట్టినింటి సంగతి తరవాత, ముందు దాని పుట్టిల్లు చూసి రమ్మనేవారు. భీమిలిలో ఆయన దగ్గర నిఘంటువు పని నేర్చుకుంటున్న పేర్రాజు ఒకనాడు పొద్దున్నే 'గాసిప్' దగ్గర ఆగిపోయాడు.

"పూర్వం దీనికి దేవుడి సాక్షిగా కలిసిన చుట్టం అని అర్థమటండీ. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు పక్కన నిలబడే మనిషి. తరవాత పురిటికి వచ్చి కూర్చునే ఆడవాళ్ళనీ అలాగే పిలిచారట. ఇప్పుడేమో ఊసుపోని కబుర్లు. అంత పెద్ద మాట ఇంతకెలా దిగజారింది మాస్టారూ?"

"మీ ఆవిడ ఎలా ఉంది?" అన్నారు మాస్టారు.

నెలలు నిండాయి, విశ్రాంతిగా ఉందన్నాడు పేర్రాజు. వీధిలో అమ్మలక్కలు పొద్దస్తమానం చేరి వాగుతుంటే నిన్ననే రావద్దని చెప్పేశానని కాస్త గొప్పగా కూడా చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం కాకుండానే నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. పేర్రాజు పరుగెత్తాడు. చేతికర్ర పట్టుకుని మాస్టారూ వెనకే వెళ్ళారు. మంత్రసాని వచ్చి ఉంది, నీళ్ళు కాగుతున్నాయి. కానీ తొలిచూలు కదా, అతని భార్య సీతారత్నం వణికిపోతోంది.

మంత్రసాని గుమ్మంలోకి వచ్చింది. "పిల్ల భయంతో బిగుసుకుపోనాది బాబూ. నానొక్కదాన్నే ఎంతని దైర్నం సెప్పను? ఆ అమ్మలందరూ ఏరి?"

పేర్రాజుకు తల కొట్టేసినట్టయింది. అయినా భార్య ప్రాణం ముందు పౌరుషమేమిటి, ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. ఎదురింటి సుభద్రమ్మ, "నోరు మూసుకుని కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదు నాయనా" అంటూనే అందరికంటే ముందు బయల్దేరింది.

తలుపులు మూసుకున్నాయి. గురుశిష్యులు అరుగు మీద మిగిలారు. లోపల మాటలు మొదలయ్యాయి. ఎవరి పిల్లి ఎవరి ఉట్టి ఎక్కిందో, ఎవరి కోడలు పాయసంలో ఉప్పు పోసిందో, పొద్దున్న పేర్రాజు విసుక్కున్న కబుర్లే అవన్నీ. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య సీతారత్నం నవ్వు వినిపించింది. పేర్రాజు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి పసిబిడ్డ ఏడుపు, ఆ వెంటనే అంతకు మించిన గొంతులతో ముక్కు ఎవరి పోలికో అని వాదనా వినిపించాయి.

"మాస్టారూ, ఆ మాట..." అని ఆగిపోయాడు పేర్రాజు.

మాస్టారు తాము కూర్చున్న అరుగును అరచేత్తో తట్టారు.

"పాపం, దానికి ఊసుపోని కబుర్లని అర్థం రాసినవాళ్ళు కూడా ఇక్కడే, తలుపు బయటే కూర్చుని ఉంటారు నాయనా."