కొండకు రాళ్ళు మొయ్యొద్దన్న గాసమ్మ

పెట్రోలును సీసాలతో కొలిచి పోసుకునే కాలంలో, కొండలు ఇప్పటికంటే మూడు తాడిచెట్ల ఎత్తు ఎక్కువగా ఉన్న కాలంలో, రాతిగెడ్డ అనే కొండవాగు ఒడ్డున గాసమ్మ అనే మనిషి ఉండేది. గెడ్డ దాటితే ఘాట్ రోడ్డు మొదలు. కొండెక్కే జీపులన్నీ ఆ గెడ్డలో ఆగేవి. గాసమ్మ వాటిని కడిగేది. అంతే ఆమె పని.

కడగడమంటే అలా ఇలా కాదు. ఆమె గుడ్డ పిండితే గెడ్డ మూడు రోజులు ఎర్రగా పారేదట. దిగువ పల్లెల్లో వరదొచ్చిందని గొడ్లను విప్పుకునేవారట. అలా ముప్పై ఏళ్ళు కడిగింది. ఏ జీపుకి ఏ చక్రం పట్టేస్తోందో ఆమె అరచేతికి తెలుసు. ఏ జీపు పొగగొట్టం ఎంత మసి కక్కుతోందో ఆమె గుడ్డకి తెలుసు. కానీ జీపు కడిగే మనిషిని జీపు సంగతి ఎవరడుగుతారు?

ఆ జీపుల్లో అప్పలకొండది పెద్దది. నాలుగు చక్రాలూ లాగే పాత పెట్రోలు బండి. అది ఒక్కసారి దగ్గితే ట్యాంకు సగం ఖాళీ అయ్యేదని చెప్పుకునేవారు. అప్పలకొండకి అదే గొప్ప. ఎంత తాగితే అంత లాగుతుందని మీసం తిప్పేవాడు.

ఒక ఏడు వానలు పట్టుకున్నాయి. పల్లపు రోడ్డు మూడు చోట్ల తెగింది. పెట్రోలు రావడం మానేసింది. జీపులు ఎక్కడివక్కడ పడుకున్నాయి. ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం కొండ మీది బూరుగుచింత ఊరి నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ దిగొచ్చాడు. ఊళ్ళో వాంతులు, విరేచనాలు. ఏడుగురు మంచం పట్టారు. వాళ్ళలో ఆ ఊరికి కోడలుగా వెళ్ళిన గాసమ్మ కూతురు మంగులి ఉంది. గాసమ్మకి ఉన్నది ఆ ఒక్కతే.

సలోమి నర్సమ్మ మూడు పెట్టెల సెలైను సీసాలతో గెడ్డ దగ్గరే చిక్కుకుని ఉంది. పొద్దు వాలేలోగా సూది పడాలంది. నడిచి వెళ్తే మర్నాటికిగాని చేరరు. అందరూ అప్పలకొండ వైపు చూశారు. అతను ట్యాంకులోకి పుల్ల దించి తీశాడు. తడి వేలెడు ఎత్తు కూడా లేదు.

"రెండు సీసాలుంది. కొండెక్కాలంటే అయిదు కావాల. సగం దారిలో ఆగిపోతే ఎవరికి లాభం?" అన్నాడు. అతనిది పిసినారితనం కాదు. భయం.

గాసమ్మ బకెట్టు కింద పెట్టింది.

"బండికి దాహం లేదు నాయనా. మనమే తాగిస్తన్నాం."

బకెట్టు తెలిసిన మనిషివి, బండి నీకేం తెలుసని అతను విసుక్కున్నాడు. ఆమె జీపెక్కి ఒక్కొక్కటీ దించడం మొదలుపెట్టింది. పైనున్న ఇనప చట్రం దించింది. తాతల నాటి ఇనప పనిముట్ల పెట్టె దించింది. అడుగున పేరుకున్న మట్టిని పారతో గీకింది. ఆ మట్టితో తర్వాత ఒక ఇంటికి నాలుగు గోడలు లేపారు. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు, ఒక గోడ ఇంకా ఉంది.

తర్వాత రాళ్ళ మీద చెయ్యేసింది. బండి ఎత్తులో ఆగితే చక్రం కింద పెట్టడానికి జీపువాళ్ళు రాయి మోసుకెళ్ళేవారు. అప్పలకొండ తాత ఒకటి మోశాడు. తండ్రి రెండు మోశాడు. అప్పలకొండ మూడు మోస్తున్నాడు, ఒక్కోటీ ఈనిన గేదె అంత.

అప్పలకొండ అడ్డం పడ్డాడు. "రాళ్ళు దించీస్తే, బండి జారినప్పుడు చక్రం కింద ఏటి పెడతాను?"

"ఎక్కేది కొండే కదా. కొండకి రాళ్ళు మోసుకెళ్తావేటి?"

నర్సమ్మకి అంత గాభరాలోనూ నవ్వొచ్చింది. అప్పలకొండకి రాలేదు. మూడు తరాల్లో ఎవరికీ తట్టని మాట అది. రాళ్ళు దిగాయి. జీపు జానెడు పైకి లేచింది.

గాసమ్మ చక్రాల దగ్గరికి పోయింది. జాకీ వేయించి ఒక్కో చక్రం చేత్తో తిప్పింది. మూడు తిరిగాయి. వెనక ఎడమది కదల్లేదు, బ్రేకు పట్టేసి ఉంది. ఇన్నేళ్ళూ ఆ జీపు ఒక కాలు ఈడ్చుకుంటూ కొండెక్కిందన్నమాట. అప్పలకొండ తల దించుకుని దాన్ని వదులు చేశాడు. టైర్లలో గాలి గట్టిగా కొట్టాడు. ముందు చక్రాల గేరు ఎప్పుడూ వేసే ఉంచేవాడు. బురద ఉన్నచోట వెయ్యమని, దాటగానే తియ్యమని ఆమె చెప్పింది.

చివరికి పొగగొట్టంలో వేలు పెట్టి చూపించింది. "మిగతా జీపులకి బూడిద. నీదానికి కాటుక." బానెట్ ఎత్తారు. చల్లటి ఇంజను లేవడానికి పొద్దున లాగే చోకు, తిరిగి వెనక్కి పోకుండా సగంలో ఇరుక్కుని ఉంది. ఇంజను గాలాడక పెట్రోలే మింగుతోంది. గాసమ్మ మడ్డి తుడిచి వేలితో నెట్టింది. టక్కుమంది.

నర్సమ్మ పెట్టెలతో సహా ముగ్గురూ ఎక్కారు. పొద్దు అప్పటికే పడమటికి మళ్ళింది.

మొదటి మలుపులో అప్పలకొండ అలవాటుకొద్దీ పెట్రోలు పెడల్ నేలకి తొక్కాడు. గాసమ్మ ఆపించి, పక్క పొదలోంచి మెత్తగా పండిన సీతాఫలం కోసి పెడల్ కింద పెట్టింది. అది పగిలితే పెట్రోలు తాగుతున్నది బండి కాదు, నీ పాదమని చెప్పింది. ఏనుగుని తోలినట్టు తొక్కే మనిషి చంటిపిల్ల వీపు నిమిరినట్టు తొక్కడం నేర్చుకున్నాడు. చెమట కనుబొమల మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. కాలు కదులుతుందని భయం.

రెండో మలుపు అంతా బురద. ముందు గేరు వేశాడు, దాటాడు, తీశాడు. పుల్ల దించి చూశారు. సగానికి సగం అయిపోయింది. దారి కూడా సగమే అయింది. గాసమ్మ ఎదురుగా ఉన్న కొండనే చూస్తూ కూర్చుంది. కూతురి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మూడో మలుపు నిలువు గోడ. ఎక్కుతూ బల్లి జారిపడే చోటు. అక్కడ ఇంజను దగ్గింది. ఆగింది. జీపు వెనక్కి జారింది. వెనకంతా లోయ. అప్పలకొండ బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ కంగారులో రెండో కాలు పెట్రోలు పెడల్ మీద పడి, సీతాఫలం పగిలి పాదమంతా గుజ్జయింది.

"రాయి! రాళ్ళన్నీ దింపించీసినావు కదే!"

గాసమ్మ అప్పటికే దూకేసింది. కొండవార ఉన్న రాయిని దొర్లించి చక్రం కింద తోసింది. జీపు ఆగింది. వెనక చక్రానికీ లోయకీ మధ్య మూరెడు నేల ఉంది.

"బండికి దాహం లేదు నాయనా. బరువుంది." ఆమె ఒక పెట్టె నెత్తిన పెట్టుకుంది. నర్సమ్మ దిగి రెండోది ఎత్తుకుంది. అప్పలకొండ ఇంజను మళ్ళీ లేపాడు. జీపు పది బారలు ఎక్కింది, గాసమ్మ రాయి పెట్టింది. మళ్ళీ పది బారలు, మళ్ళీ రాయి. మోసుకొచ్చిన రాయి కాదు, ఎక్కడికక్కడ దొరికిన రాయి. అలా మూడు వందల సార్లు పెట్టిందంటారు. ముప్పై అన్నవాళ్ళు ఆ మలుపు చూడనివాళ్ళు.

కొండ నెత్తి మీద పెట్రోలు అయిపోయింది. ఈగ నాలిక తడిసేంత కూడా మిగల్లేదు. అయితే అక్కణ్ణుంచి ఊరిదాకా పల్లమే. పెట్టెలు ఎక్కించుకుని ముగ్గురూ కూర్చున్నారు. జీపు చప్పుడు లేకుండా ఊళ్ళోకి జారింది. కుక్కలు కూడా మొరగలేదు.

ఒక ముసలాయన అప్పటికే పోయాడు. మిగతా ఆరుగురికీ నర్సమ్మ సూదులు గుచ్చింది. మంగులికి నరం దొరకలేదు. ఒకసారి గుచ్చింది, రెండుసార్లు గుచ్చింది. మూడోసారికి దొరికింది. తడిసిన పమిటతోనే గాసమ్మ సీసా పైకెత్తి పట్టుకుని నిలబడింది. కొండ మీద పొద్దు వాలిపోయే వేళకి మంగులి కళ్ళు తెరిచి, "అమ్మా, చెయ్యి నొప్పెట్టదా?" అనడిగింది. అప్పుడు ఏడ్చింది గాసమ్మ. చెయ్యి మాత్రం దించలేదు.

కొండ దిగాక అప్పలకొండ ఏం చెప్పాడో తెలుసా? రెండు సీసాలతో కొండెక్కించింది తన పాదం గొప్పేనన్నాడు. గాసమ్మ బకెట్టు తీసుకుని కడుగుతూ పోయింది. చాలా ఏళ్ళు కడిగి, ఒక ఎండాకాలం గెడ్డ ఒడ్డునే కన్నుమూసింది.

ఆ రోజు జీపులన్నీ వచ్చాయి. ఆమెకి ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. అప్పలకొండ అప్పటికి ముసలివాడు. తన జీపులోంచి ఒక రాయి దించాడు. సిగ్గుపడుతూ, అలవాటు పోక మళ్ళీ మోస్తున్న రాయి. దాన్ని ఆమె పాదాల దగ్గర పెట్టి, "ఆ రోజు కొండెక్కించింది నాను కాదు, ఇదిగో ఈ తల్లి" అని అందరి ముందూ చెప్పాడు.

ఇప్పటికీ రాతిగెడ్డ దగ్గర గాసమ్మకి ఎవరూ కొబ్బరికాయ తేరు, పూలు తేరు. కొండెక్కే ప్రతి బండీ ఆగి, అక్కర్లేని బరువు ఒకటి దించి పోవాలి. రాయి, తుప్పు జాకీ, ఖాళీ డబ్బా, ఏదైనా సరే. ఆ గుట్ట ఇప్పుడు కొండకి పోటీగా లేచింది. చక్రాలు చేత్తో తిప్పి చూసుకున్నాకే బండి కదుపుతారు. అక్కడి పెద్దలు ప్రయాణికుల్ని ఏం తెచ్చావని అడగరు. ఏటి దించావని అడుగుతారు.

మొన్నామధ్య ఒకావిడ, అత్త మీద కోపం దించేశానందట. పెద్దలు ఒప్పుకోలేదు, తూకం ఉన్నది దించమన్నారు. ఆవిడ కాసేపు గింజుకుని, చీర మడతల్లోంచి అత్తగారింటి సన్నికల్లు పొత్రం తీసి గుట్ట మీద పెట్టింది. జీపు జానెడు పైకి లేచిందట.