సూరప్పడి ఇంటి చెక్క నేల

ఈ కథ జరిగింది లంబసింగిలోనో, దానికి ఎగువనున్న మరో ఊళ్ళోనో; ఈ విషయంలో నా జ్ఞాపకాన్ని నేనే పూర్తిగా నమ్మను. చలి మాత్రం నిజం. సూరప్పడి పాతింటి నాపరాళ్ళు ఆ చలికి మంచుగడ్డల్లా ఉండేవి. వాటి మీద తిరిగి తిరిగి అతని భార్య అప్పలకొండ పాదాలు పగిలిపోయాయి.

"ఈ ఏడు నీ కాళ్ళు వెచ్చగా ఉంచుతానే," అని సూరప్పడు మాటిచ్చాడు. తమ ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదని అతనికీ, తమ్ముడు గవిరయ్యకీ గట్టి నమ్మకం.

వడ్రంగి ఈశ్వరాచారి చెక్క పలకలు తెచ్చి గదిలో పేర్చాడు. "రాళ్ళు పీకక్కర్లేదు, వాటి మీదే పరుస్తాను. ముందు మూడు రోజులు పలకలు ఇంటికి అలవాటు పడాలి," అని వెళ్ళాడు.

ఇంకేముంది! సూరప్పడు ఒక్కొక్క పలకనూ ఎత్తుకుని ఇల్లంతా తిప్పాడు. "ఇది వంటిల్లమ్మా. అది దొడ్డి. వాడు మా తమ్ముడు, గురక పెడతాడు, జడుసుకోకు."

"అన్నా, ఈ పొట్టిదానికి ఇంకా బెరుకు పోలేదు," అని గవిరయ్య దాన్ని పక్కలో పడుకోబెట్టుకున్నాడు.

నాలుగోనాడు ఆచారి పలకలు పరిచి పాలిష్ పట్టించాడు. నేల అంగుళం లేచింది. తలుపు సగం తెరుచుకుని కింద పట్టేసింది. "తలుపు ఓ అంగుళం కోసెయ్యండి. పాలిష్ ఆరేదాకా నేరుగా కాలు పెట్టకండి, గట్టిది ఏదైనా పరిచి నడవండి," అన్నాడు.

"కింద ఇప్పటికే ఇరుక్కుని బాధపడుతోంది, పైన కోద్దాం," అన్నాడు గవిరయ్య. అంగుళం కోశారు. కదల్లేదు. మరో అంగుళం. మరొకటి. అలా కోస్తూ పోగా తలుపు చివరికి నడుమెత్తున మిగిలింది. ఈదురుగాలి దాని మీదుగా దర్జాగా లోపలికొచ్చింది.

"ఏటి మావా, కాళ్ళు కొంకర్లు పోతున్నాయి! చాపేనా పరుచు," అంది అప్పలకొండ.

"చాప మెత్తన వదినా. ఆచారి గట్టిదన్నాడు."

అంతే! అన్నదమ్ములిద్దరూ పశువులపాకలోని నాపరాళ్ళు పెళ్ళగించి, కొత్త చెక్క కనపడకుండా గదినిండా పరిచేశారు. అప్పలకొండ అడుగు పెట్టి, కెవ్వుమని వెనక్కి తీసుకుంది.

సూరప్పడు వంగి రాళ్ళు తడిమి చూశాడు. ఇచ్చిన మాట ఏం కాను? "వెచ్చగా లేదేటే?"

"రాయి చల్లగానే ఉంది మావా. ఈ రాళ్ళు కప్పుకున్న అడుగు చెక్కకైతే వెచ్చగా ఉంటాది."

సూరప్పడు చాలాసేపు ఆలోచించాడు. క్రమంగా అతని ముఖం వెలిగింది.

"తమ్ముడూ, పరిగెత్తు! ఆచారిని తీసుకురా. ఈ రాళ్ళ మీద ఇంకో వరస చెక్క వేయిద్దాం!"

ఆచారి వచ్చాడు, చూశాడు, నోరు విప్పాడు. ఏమన్నాడో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని వినే కథ కనుక, ఆ మాటలను కావాలనే వదిలేశాను.