కెటిల్‌లో నీళ్లు ఎందుకు పాడతాయి

ఒకప్పుడు నీళ్లు పొయ్యిమీదకెక్కితే కిక్కురుమనేవి కావు. వాగులో ఎంత గలగలలాడినా సరే, నిప్పు సెగ తగిలిందా, భయంతో నోరు పెగిలేది కాదు పాపం. కాగాయో లేదో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో ఒక కొండమీద పైడమ్మ, ఆమె పెనిమిటి సూరన్న ఉండేవారు. సూరన్నకు మూడు రోజులుగా జ్వరం. గంజి మింగడు, పాలు ముట్టడు.

"నోరంతా చేదే. ఇన్ని టీ నీళ్లుంటే ఇయ్యే" అన్నాడు.

పైడమ్మ డబ్బా మూత తీసింది. అడుగున మూడంటే మూడు చిటికెల టీ ఆకు. మళ్లీ చిగురు రావాలంటే వానలు పడాలి.

కెటిల్ పొయ్యిమీద పెట్టింది. చడీచప్పుడూ లేదు. కాగే ఉంటాయిలే అని ఒక చిటికెడు ఆకుమీద పోసేసింది. ఆకు ముడుచుకునే ఉండిపోయింది.

"అమ్మో చలి! నేను విప్పుకోను" అంది.

ఈసారి బాగా కాగినవే పోద్దామనుకుంది పైడమ్మ. అన్నానికని పొద్దుటినుంచీ పొయ్యిమీదున్న ఎసరు నీళ్లు ముంచి, కెటిల్‌లో పోసి, మళ్లీ కాచి, ఇంకో చిటికెడు ఆకుమీద పోసింది. ఆకు విప్పుకుంది. రంగూ దిగింది. సూరన్న ఒక్క గుక్క తాగి మొహం తిప్పేసుకున్నాడు.

"ఏటే ఇది? గిన్నెలు కడిగిన నీళ్లా?"

"అవైతే ఇంతకన్నా రుచిగా ఉండును మావా" అని నవ్వబోయి, పైడమ్మ ఏడ్చేసింది. ఇక ఒక్క చిటికెడే మిగిలింది మరి.

ఆకుకి జాలేసింది. "ఏడవకమ్మా. నా దగ్గర రంగుంది, వాసనుంది. కానీ నీళ్లలో దాక్కున్న గాలి చెయ్యి పట్టుకుంటేనే నా వాసన పైకి లేస్తుంది. ఎసరులో గాలి ఎప్పుడో వెళ్లిపోయింది."

కడవలో నీళ్లు ఈ మాట విన్నాయి. "ఓ గాలీ! నా కడుపులోంచి చెప్పాపెట్టకుండా జారుకుంటావే! ఒక్క మాట చెప్పి పోరాదూ? అక్కడ మనిషి నీరసించిపోతున్నాడు."

గాలి సిగ్గుపడింది. "సరే, పాడుతూ పోతాను. పాట ఆగి నీళ్లు తెర్లగానే ఆకుమీద పోసెయ్యమను. ఆలస్యం చేస్తే నేనుండను. మళ్లీ కాచినా తిరిగి రాను."

పైడమ్మ ఈ మాటలన్నీ విని, పరుగున వాగుకెళ్లి గాలి నిండిన కొత్త నీళ్లు తెచ్చింది. కెటిల్ మొదట సుయ్యిమంది. తరవాత చిన్నగా కూనిరాగం తీసింది. పాట పెరిగి పెరిగి, చటుక్కున ఆగింది. నీళ్లు గుబగుబా తెర్లాయి. వెంటనే పోసింది. చివరి చిటికెడు ఆకు పిడికిలి విప్పినట్టు విప్పుకుంది. గుడిసెంతా ఘుమఘుమ!

సూరన్న చివరి చుక్కదాకా తాగాడు. నుదుట చెమట పట్టింది.

"ఇంకొంచెం పొయ్యే."

"ఆకయిపోయింది మావా. గంజి పొయ్యనా?"

"పొయ్యి" అన్నాడు సూరన్న.

అప్పటినుంచే కొత్త నీళ్లు మరిగేముందు కెటిల్‌లో పాట పాడతాయి. ఒకసారి కాగిన నీళ్లనే మళ్లీ కాచామా, పాట నీరసంగా వస్తుంది, టీ చప్పబడిపోతుంది. పాపం, పాడే గాలి ముందే వెళ్లిపోయింది కదా!