రాజుగారికి గరిక పథ్యం

వెనకటికి పైడిమెట్ట రాజ్యాన్ని గజేంద్రభూపతి అనే రాజుగారు ఏలేవారు. మనసు వెన్న. కానీ తన మాటకు ఎవరైనా ఎదురు చెబితే మాత్రం సహించేవారు కారు.

ఒకనాడు ఆస్థాన వైద్యుడు అనంతభట్టు, "ప్రభూ, పిల్లలకు పొద్దున్నే అంబలి మాన్పించి పాకం లడ్డూలు పెట్టిస్తే బలమూ బుద్ధీ పెరుగుతాయి" అన్నాడు. రాజుగారు వెంటనే చాటింపు వేయించారు. భట్టుకు మేడ కట్టించి ఇచ్చింది మిఠాయి వర్తకుడేనన్న సంగతి ఆయన చెవిన పడలేదు.

ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్ళో పిల్లల పళ్ళు పుచ్చిపోయాయి. వంటశాల పెద్ద మంగాజమ్మ మనవరాలికి దవడ వాచి, మూడు రోజులు మెతుకు ముట్టలేదు. మంగాజమ్మ రాజుగారిని చిన్నప్పుడు గోరుముద్దలు తినిపించి పెంచిన మనిషి. ఆ చనువుతోనే వెళ్ళి మొరపెట్టుకుంది.

"గరిటె తిప్పేదానివి, శాస్త్రం నీకేం తెలుసు?" అని కసిరారు రాజుగారు.

ఆవిడ ఇంటికెళ్ళి తన వెండి చెంబు తీసి, గుర్రాలకు ఉలవలు అమ్మేవాళ్ళు పంపారని చెప్పించి భట్టుకు అందజేయించింది.

మర్నాడే భట్టు కొలువులో లేచాడు. "దేవరవారికి మూడు పూటలా ఉలవలే పథ్యం. గుర్రం బలం చూడండి ప్రభూ!"

నాలుగు రోజులు రాజుగారు దవడలు నొప్పి పుట్టేలా ఉలవలు నమిలారు. అయిదో రోజు మంగాజమ్మ నిండు కొలువులోకి పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో పచ్చటి గరిక!

"ఇదేమిటి మంగాజమ్మా?"

"ఈ పూట తమరి ఫలహారం ప్రభూ. కావాలంటే భట్టుగారిని అడగండి."

భట్టు గొంతు సవరించుకున్నాడు. "లేత గరిక దివ్యౌషధం ప్రభూ. ఒంటికి చలవ, కంటికి వెలుగు."

"మరి నిన్నటిదాకా దాని ఊసే ఎత్తలేదేమయ్యా?"

"నిన్నటిదాకా గడ్డి కోసేవాళ్ళ పేరుతో శాలువా రాలేదు ప్రభూ" అంది మంగాజమ్మ. "ఇప్పుడాయన భుజం మీదున్నది అదే. ఉలవలకు ముందు వెండి చెంబు వెళ్ళింది. ఆ రెండూ నేను పంపినవే. లడ్డూలకు ముందు వచ్చిన మేడ మాత్రం నాది కాదు, మిఠాయి వర్తకుడిది."

భట్టు చెయ్యి తెలియకుండానే శాలువా మీదికి పోయింది. రాజుగారు గరిక వంక చూసి, భట్టు వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వేశారు. "నయం, నాకు కళ్ళెం వెయ్యమనలేదు!"

నవ్వు ఆగాక భట్టును రాజ్యం దాటించమన్నారు. మంగాజమ్మే అడ్డుపడింది.

"వద్దు బాబూ. ఆయన చదువు దొడ్డది. నీకు విషజ్వరం వస్తే పదకొండు రోజులు మంచం పక్కన కూర్చుని బతికించింది ఆయనే. తిండి అమ్మేవాళ్ళు ఆయన గడప తొక్కకుండా చూడు, చాలు."

రాజుగారు లడ్డూల చాటింపు రద్దు చేశారు. మేడను పిల్లల వైద్యశాలగా మార్పించారు. మంగాజమ్మ చేతికి బంగారు కంకణం తొడిగి, "కసిరినందుకు ఏమీ అనుకోకమ్మా" అన్నారు.

తరవాత తన బానపొట్ట తడుముకుంటూ భట్టువైపు తిరిగి, "ఇప్పుడు ఎవరి కానుకా లేదు కదా, నిజం చెప్పవయ్యా. ఈ పొట్టకు మందేమిటి?" అని అడిగారు.

భట్టు తల వంచుకునే అన్నాడు. "సగం తినడం, రెట్టింపు నడవడం ప్రభూ. అందులో అమ్మేవాడికి మిగిలేదేమీ లేదు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

రాజుగారు మళ్ళీ పగలబడి నవ్వి, ఆ నిజానికి తన వేలి ఉంగరం తీసి ఇచ్చారు.